చిన్న వ్యాపారానికి ఒకే రూపు: గుర్తింపు ఎలా నిలుస్తుంది, ఎక్కడ చెదురుతుంది

సంక్షిప్తంగా

చాలా చిన్న వ్యాపారాల్లో బోర్డుకూ బిల్లుకూ, పాంప్లెట్‌కూ ఆన్‌లైన్ పేజీకీ పోలిక ఉండదు. దీనికి కారణం యజమానికి అభిరుచి లేకపోవడం కాదు. ఒక్కో వస్తువు ఒక్కో చేతిలో, ఒక్కో ఫైలు నుంచి తయారవుతోంది. మనుషుల జ్ఞాపకం పనిచేసే తీరు వల్ల ఈ చెదురుబాటు పెద్ద సంస్థల కంటే చిన్నవాటికే ఎక్కువ నష్టం చేస్తుంది. రంగు, ఫైలు, అక్షరాలు, పేరు రాసే పద్ధతి అనే నాలుగు చోట్ల ముందే నిర్ణయం తీసుకుని రాసిపెట్టుకుంటే సమస్యలో చాలా భాగం పెద్ద ఖర్చు లేకుండానే తీరుతుంది.

ఈ చర్చ ఇప్పుడు ఎందుకు పెరిగింది

ఒకప్పుడు చిన్న వ్యాపారానికి ప్రచార సామగ్రి అంటే ఒక బోర్డు, ఒక బిల్ బుక్, కొన్ని విజిటింగ్ కార్డులు. వాటిని చేసిపెట్టేది ఒకరో ఇద్దరో. ఒకసారి చేయించిన అచ్చు బ్లాకునే ఏళ్ల తరబడి వాడేవారు. కొత్తది చేయించాలంటే డబ్బు పెట్టాలి కాబట్టి రూపు దానంతట అదే నిలకడగా ఉండేది. ఆ నిలకడను ఎవరూ కావాలని ఎంచుకోలేదు, ఖర్చే దాన్ని కాపాడింది.

ఇప్పుడు ఆ అడ్డు తొలగిపోయింది. 2013లో మొదలైన క్యాన్వా లాంటి టెంప్లేట్ సేవలతో, అంటే ముందే గీసిపెట్టిన నమూనాలు ఇచ్చే సేవలతో, డిజైన్ నేర్చుకోనివారు కూడా పది నిమిషాల్లో పోస్టర్ చేసుకోగలుగుతున్నారు. 2022లో మాటల్లో అడిగితే బొమ్మ తయారు చేసే ఏఐ సాధనాలు జనంలోకి వచ్చాయి. రెండూ ఉపయోగకరమైనవే. అయితే రెండింటి పనితీరులోనూ నిలకడకు వ్యతిరేకమైన లక్షణం ఉంది. టెంప్లేట్ సేవ ప్రతిసారీ కొత్త నమూనాల వరుసను ముందు పెడుతుంది, వాటిలో నచ్చింది ఎంచుకోవడం సహజం. బొమ్మలు తయారు చేసే ఏఐల్లో చాలావరకు ప్రతిసారీ యాదృచ్ఛికమైన చుక్కల గందరగోళం నుంచి మొదలుపెట్టి చిత్రాన్ని కడతాయి. అందుకే అదే వాక్యం రెండోసారి ఇచ్చినా మామూలుగా అదే బొమ్మ రాదు.

దీనికి తోడు వ్యాపారం కనిపించాల్సిన చోట్లు పెరిగాయి. మ్యాప్‌లో పేరు, వాట్సాప్ ప్రొఫైల్ బొమ్మ, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, డెలివరీ కవరు, వెబ్‌సైటు, క్యూఆర్ కోడ్ స్టిక్కర్, వీటన్నిటికీ ఎవరో ఒకరు ఏదో ఒకటి తయారు చేయాలి. తయారీ చవకైంది, తయారు చేసే చేతులు పెరిగాయి, అందరికీ ఒకే మాట చెప్పే మనిషి మాత్రం లేడు.

జ్ఞాపకం ఏం కోరుతుంది

1968లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. అర్థం లేని పదాలను, చూసేవారికి తెలియని లిపిలోని అక్షరాలను, ముఖాల ఫొటోలను కొన్నిటిని తక్కువసార్లు, కొన్నిటిని ఎక్కువసార్లు చూపించారు. ఎక్కువసార్లు కనిపించినవే జనానికి ఎక్కువ నచ్చాయి. వాటి గురించి కొత్త సమాచారం ఏదీ ఇవ్వలేదు. పదే పదే కంటబడడం ఒక్కటే తేడా. తర్వాతి పరిశోధనలు దీనికి హద్దులు కూడా చూపాయి. ఒక స్థాయి దాటాక ఇష్టం పెరగడం ఆగిపోతుంది, విసుగు కూడా రావచ్చు. అయినా అసలు సూత్రం నిలబడింది.

అంతకు ముందే, 1933లో జర్మనీకి చెందిన హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ మరో విషయం చూపించారు. ఒకే రకమైన వాటి వరుసలో ఒక్కటి భిన్నంగా ఉంటే అదే బాగా గుర్తుంటుంది.

ఈ రెండూ కలిపి చూస్తే గుర్తింపుకు కావాల్సింది ఏమిటో తేలుతుంది. వ్యాపారం రూపు పక్కవారితో పోలిస్తే వేరుగా ఉండాలి, తన పాత రూపుతో పోలిస్తే అలాగే ఉండాలి. టెంప్లేట్‌లను విచ్చలవిడిగా వాడినప్పుడు ఈ రెండూ తలకిందులవుతాయి. అదే టెంప్లేట్ వేలమంది వాడతారు కాబట్టి పక్కవారితో పోలిక వస్తుంది. వారం వారం టెంప్లేట్ మారుతుంది కాబట్టి తన పాత పోస్టుతోనే పోలిక పోతుంది. పోస్టులు ఎన్ని పెట్టినా పేరు గుర్తుండడం లేదన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ఆస్ట్రేలియాలోని ఎరెన్‌బర్గ్–బాస్ మార్కెటింగ్ పరిశోధన సంస్థ పరిశోధకులు ఈ గుర్తులను కొలవడానికి రెండు ప్రశ్నలు వాడతారు. ఫలానా రంగు లేదా బొమ్మ చూడగానే ఎంతమందికి ఈ వ్యాపారం గుర్తొస్తోంది? అలా గుర్తొచ్చినవారిలో ఎంతమందికి ఈ వ్యాపారం ఒక్కటే గుర్తొస్తోంది, ఇంకొకటి కూడా గుర్తొస్తోందా? మొదటిది పరిచయం, రెండోది ప్రత్యేకత. ఇందులో అందం గురించిన ప్రశ్న లేదు. చిన్న వ్యాపారులు లోగో ఎంచుకునేటప్పుడు ఎక్కువ సమయం పెట్టేది మాత్రం అందం మీదే.

పెద్ద సంస్థకూ చిన్న వ్యాపారానికీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. పెద్ద సంస్థ గుర్తు వినియోగదారుడికి ఏడాదిలో వందల సార్లు కనబడుతుంది. అందులో కొన్ని వృథా అయినా మిగతావి సరిపోతాయి. చిన్న వ్యాపారం పేరు ఒక మనిషి కంట ఏడాదికి ఏ నాలుగైదు సార్లో పడితే గొప్ప. ఆ ఐదూ ఐదు రకాలుగా ఉంటే చూసినవాడికి ప్రతిసారీ మొదటిసారే. అందుకే నిలకడ పెద్దవారి హంగు, మనకెందుకులే అనుకోవడం సరైన లెక్క కాదు. తక్కువసార్లు కనిపించేవారికే అది ఎక్కువ అవసరం.

పాత సంస్థలు నేర్చుకున్న పాఠం

బ్రిటన్‌లో ట్రేడ్‌మార్క్ నమోదు చట్టం 1875లో వచ్చింది. 1876 జనవరి 1న మొదటి గుర్తుగా నమోదైంది బాస్ బీరు కంపెనీ ఎర్ర త్రిభుజం. ఒక ఆకారం, ఒక రంగు, అంతే. చదువు రానివాడు కూడా సీసా మీద దాన్ని గుర్తుపట్టగలడు.

1907లో జర్మనీ విద్యుత్ పరికరాల సంస్థ ఏఈజీ వాస్తుశిల్పి పీటర్ బెహ్రెన్స్‌ను కళా సలహాదారుగా నియమించుకుంది. ఆయన లోగోతో ఆగలేదు. ప్రకటనలు, ధరల పుస్తకాలు, కెటిళ్లు, ఫ్యాన్లు, చివరికి ఫ్యాక్టరీ భవనం వరకు ఒకే చూపుతో రూపొందించారు. ఒక సంస్థకు చెందినవన్నీ ఒకే రూపులో ఉండాలన్న ఆలోచనకు డిజైన్ చరిత్రలో ఇదే తొలి పెద్ద ఉదాహరణగా చెబుతారు. 1970లో న్యూయార్క్ నగర రవాణా సంస్థ తన సబ్‌వే సూచిక బోర్డుల కోసం ప్రమాణాల పుస్తకం తయారు చేయించుకుంది. అక్షరం ఏది, బాణం గుర్తు ఎలా, రంగు ఏది, రెండు పలకల మధ్య ఖాళీ ఎంత, అన్నీ అందులో ఉన్నాయి.

ఈ ఉదాహరణల్లో పనికొచ్చేది పుస్తకం మందం కాదు. నిర్ణయం ఒకచోట జరిగింది, మిగతావారు దాన్ని చూసి చేశారు. ఇద్దరు పనిచేసే దుకాణంలో కూడా ఇది ఒక పేజీతో సాధ్యమే.

రంగు ఎందుకు మారిపోతుంది

ప్రింటింగ్ ప్రెస్ దగ్గర జరిగే గొడవల్లో చాలావాటికి మూలం రంగు. ఫోన్‌లో చూసినప్పుడు మెరిసే నారింజ రంగు కాగితం మీదకు వచ్చేసరికి ఇటుక రంగులోకి దిగిపోతుంది. ప్రెస్‌వారు సరిగా చేయలేదనుకుంటారు. తప్పు చాలావరకు వారిది కాదు, భౌతిక శాస్త్రానిది.

తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల్ని కలిపే ఈ పద్ధతి పేరు ఆర్‌జీబీ. ఒక్కో కాంతికి 0 నుంచి 255 వరకు అంకె ఉంటుంది. ఆ లెక్కన సుమారు 1.68 కోట్ల కలయికలు వస్తాయి. కాగితం అలా కాదు. దానికి సొంత వెలుతురు లేదు, మీద పడిన కాంతిలో కొంత భాగాన్ని సిరా మింగేస్తే మిగిలింది కంటికి చేరుతుంది. ఆకాశనీలం, మెజెంటా, పసుపు, నలుపు సిరాలతో నడిచే ఈ పద్ధతి సీఎంవైకే. ఈ నాలుగు సిరాలు చూపగలిగే రంగుల పరిధి తెర పరిధి కంటే చిన్నది. మెరిసే నారింజ, చిలకాకుపచ్చ, ముదురు విద్యుత్ నీలం లాంటివి ఆ పరిధి బయట పడతాయి. ప్రెస్‌లోని సాఫ్ట్‌వేర్ వాటికి దగ్గరగా ఉన్న రంగును ఎంచుకుంటుంది. ఏ దగ్గరి రంగు అన్నది ఒక్కో యంత్రంలో ఒక్కోలా ఉంటుంది.

కాగితం కూడా తన వంతు మార్పు తెస్తుంది. నున్నటి పూత ఉన్న కాగితం మీద సిరా పైనే నిలిచి నిండుగా కనిపిస్తుంది. పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది కాబట్టి అదే రంగు మాసినట్టు వస్తుంది. ఫ్లెక్సీ మీద ఇంకోలా, గుడ్డ మీద ఇంకోలా ఉంటుంది. పగటి వెలుగులో సరిపోలిన రెండు రంగులు ట్యూబ్‌లైటు కింద వేరుగా కనిపించే సందర్భాలూ ఉన్నాయి. అందుకే ముద్రణ పరిశ్రమలో నమూనా పరీక్షించడానికి పగటి వెలుగుకు దగ్గరగా ఉండే 5000 కెల్విన్ కాంతిని ప్రమాణంగా పెట్టుకున్నారు.

ఈ చిక్కుకు 1963లో ప్యాంటోన్ సంస్థ ఒక దారి చూపింది. ఒక్కో రంగుకు నంబరు ఇచ్చి, ఆ సిరా కలిపే పాళ్లతో పాటు ముద్రించిన నమూనా పట్టీలు అమ్మింది. నంబరు చెబితే ఎక్కడున్న ప్రెస్ అయినా అదే సిరా కలుపుతుంది. అదే నంబరు పూత కాగితానికి ఒకలా, పూతలేని కాగితానికి ఒకలా కనిపిస్తుంది కాబట్టి పట్టీలు కూడా రెండు రకాలుగా ఉంటాయి. చిన్న ఆర్డర్లకు ప్రత్యేక సిరా కలిపించడం ఖరీదు, డిజిటల్ ప్రింటింగ్‌లో చాలాసార్లు కుదరదు కూడా. అందువల్ల చిన్న వ్యాపారానికి తెలివైన పని మరొకటి ఉంది: మొదటే నాలుగు సిరాల పరిధిలోకి వచ్చే రంగును ఎంచుకోవడం. తెర మీద మెరిసే రంగు కంటే కాగితం మీద నిలబడే రంగే ఎక్కువ చోట్ల ఒకేలా ఉంటుంది. ఎంచుకున్నాక దాని ఆర్‌జీబీ అంకెలు, సీఎంవైకే శాతాలు రెండూ రాసుకోవాలి. నచ్చినట్టు వచ్చిన ఒక ముద్రిత కార్డును ఎండ తగలకుండా దాచి, తర్వాతి ఆర్డరు ఇచ్చేటప్పుడు దాన్ని చూపించాలి. సిరాల అంకెలకంటే చేతిలో ఉన్న నమూనా స్పష్టంగా మాట్లాడుతుంది.

ఎంపికలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. వెబ్ ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య వెలుతురు తేడా కనీసం 4.5:1 ఉండాలి. పసుపు మీద తెలుపు, ఎరుపు మీద ముదురు ఆకుపచ్చ ఈ పరీక్షలో తేలిపోతాయి. ఉత్తర ఐరోపా మూలాలున్న పురుషుల్లో దాదాపు 8 శాతం మందికి ఎరుపు–ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. గుర్తింపు మొత్తం రంగు మీదే వేలాడితే అలాంటివారికి అది అందదు. ఆకారం కూడా తోడుండాలి.

లోగో ఫైలు పాడయ్యే దారి

రంగు తర్వాత ఎక్కువ నష్టం ఫైలు దగ్గర జరుగుతుంది. ఇది ఎవరికీ కనిపించకుండా, మెట్టు మెట్టుగా జరుగుతుంది.

డిజైనర్ లోగోను సాధారణంగా వెక్టర్ పద్ధతిలో గీస్తారు. అంటే గీతల్ని లెక్కల రూపంలో దాస్తారు, ఎంత పెద్దది చేసినా అంచు పదునుగానే ఉంటుంది. చూపించడానికి మాత్రం జేపెగ్ బొమ్మ చేసి వాట్సాప్‌లో పంపుతారు. జేపెగ్ చుక్కల బొమ్మ, పైగా సైజు తగ్గించడానికి కొంత సమాచారాన్ని పారేస్తుంది. వాట్సాప్ ఫొటోగా పంపినప్పుడు ఇంకొంత కుదిస్తుంది. లోగో బాగుందని యజమాని ఆ బొమ్మనే దాచుకుంటారు, అసలు ఫైలు డిజైనర్ కంప్యూటర్‌లో ఉండిపోతుంది. కొన్నాళ్లకు పాంప్లెట్ వేయించాల్సి వచ్చినప్పుడు ప్రొఫైల్ బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి డీటీపీ ఆపరేటర్‌కు పంపుతారు. అది మసకగా ఉందని ఆపరేటర్ దాని మీద మళ్లీ గీస్తారు, దగ్గరగా అనిపించిన ఫాంట్ పెడతారు. ఆ కొత్త రూపం పాంప్లెట్ మీదకు ఎక్కుతుంది, ఆ పాంప్లెట్ ఫొటోనే తర్వాత బోర్డు చేసేవారికి చేరుతుంది. ఈ దారిలో ఎవరూ లోగో మార్చాలనుకోలేదు. అయినా లోగో మారింది.

అంకెల్లో చూస్తే తేడా ఇంకా స్పష్టం. చేతిలో పట్టుకుని చదివే ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు ప్రమాణం. 600 పిక్సెళ్ల వెడల్పున్న లోగో ఆ లెక్కన 2 అంగుళాల వరకు శుభ్రంగా వస్తుంది. దాన్నే 10 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి 5 చుక్కలే మిగులుతాయి. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 300 అక్కర్లేదన్నది నిజమే కానీ, 5 అంటే గళ్లు గళ్లుగా కనిపించడం ఖాయం.

కాబట్టి లోగో చేయించుకున్న రోజునే వెక్టర్ ఫైలు చేతికి తీసుకోవడం అన్నిటికంటే ముఖ్యమైన పని. ఎస్‌వీజీ లేదా వెక్టర్ పీడీఎఫ్ అయితే ఎవరి దగ్గరైనా తెరుచుకుంటుంది. అందులోని అక్షరాలను డీటీపీవారి మాటల్లో కర్వ్స్ చేయించాలి, అంటే అక్షరాన్ని బొమ్మగా మార్చాలి. లేకపోతే ఆ ఫాంట్ లేని కంప్యూటర్ తన దగ్గరున్న మరో ఫాంట్ పెట్టేస్తుంది. వెనుక తెల్లడబ్బా లేని పీఎన్‌జీ ఒకటి, ఒకే రంగులో ఉన్న రూపం ఒకటి, గుండ్రటి ప్రొఫైల్ గడిలో ఇమిడే చిన్న రూపం ఒకటి ఉంటే చాలా అవసరాలు తీరతాయి. పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ కుదింపు తప్పుతుంది.

ఒకే రంగు రూపం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రబ్బరు స్టాంపు, బిల్లు ప్రింటరు, చొక్కా జేబు మీద ఎంబ్రాయిడరీ, చెక్క మీద చెక్కడం, వీటిలో దేనికీ రంగుల కలగలుపు నీడలు రావు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు సిరా దింపే ఒక్కో జాలీ తెర కావాలి, రంగు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. నలుపులో నిలబడని లోగో ఈ చోట్లన్నిటిలో ఏదో ఒక కొత్త అవతారం ఎత్తక తప్పదు.

అక్షరాలు, రెండు లిపులు

అక్షరాల తీరు రంగంత త్వరగా కంటబడదు, కానీ పొడవైన వచనం ఉన్న చోట గుర్తింపు దాని మీదే నడుస్తుంది. శీర్షికకు ఒకటి, వివరాలకు ఒకటి, మొత్తం రెండు ఫాంట్లు దాటితే చిన్న వ్యాపారం అదుపు చేయలేదు.

పేరు రెండు లిపుల్లో రాయాల్సి వచ్చినప్పుడు చిక్కు పెరుగుతుంది. తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి వెళతాయి కాబట్టి అదే పాయింటు సైజులో ఇంగ్లిష్ అక్షరాల కంటే వరుసకు ఎక్కువ ఎత్తు కావాలి. రెండిటికీ ఒకే వరుస ఎడం పెడితే వత్తులు కింది వరుసకు తగులుతాయి. ఇంగ్లిష్ సన్నగా, తెలుగు బొద్దుగా ఉంటే ఒకే వ్యాపారం రెండు పేర్లలా కనిపిస్తుంది. రెండు లిపులకూ కలిపి గీసిన ఫాంట్ కుటుంబాన్ని ఎంచుకుంటే ఈ పని సులువు. గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సుతో తెలుగు ఫాంట్లు దొరుకుతున్నాయి. డబ్బుతో కొన్న ఫాంట్లకు ముద్రణకు ఒక లైసెన్సు, వెబ్‌సైటుకు ఇంకో లైసెన్సు ఉండడం మామూలు. కొనేముందే అది చూసుకోవాలి.

పేరు, చిరునామా, ఫోను

రూపు కంటే చవకగా సరిదిద్దుకోగలిగిందీ, ఎక్కువగా వదిలేసేదీ ఇదే. బోర్డు మీద "అండ్ సన్స్" ఉంటుంది, మ్యాప్‌లో ఉండదు. బిల్లు మీద పాత ఫోను నంబరు, కార్డు మీద కొత్తది. సెర్చ్ ఇంజన్లు ఒక వ్యాపారం వివరాలను వేర్వేరు చోట్ల నుంచి సేకరించి, అవి ఒకరివేనా కాదా అని పోల్చి చూస్తాయి. పేరు, చిరునామా, ఫోను మూడూ ఒకేలా ఉంటే ఆ పోలిక కుదురుతుంది. లేకపోతే ఒకే వ్యాపారానికి రెండు ఎంట్రీలు పుట్టి, రివ్యూలు చీలిపోతాయి. మనిషికైతే టెన్షన్ ఇంకోలా ఉంటుంది: డబ్బు పంపే ముందు ఖాతా పేరు, బోర్డు పేరు వేరుగా కనిపిస్తే ఇది మోసమేమో అనిపిస్తుంది. ఆ సందేహానికి విరుగుడు మంచి లోగో కాదు, అన్ని చోట్లా అక్షరం పొల్లుపోకుండా ఒకే పేరు.

ముద్రణ ఖర్చు ఎలా నడుస్తుంది

ఆఫ్‌సెట్ ముద్రణలో ఖర్చులో పెద్ద భాగం మొదటి కాగితం రాకముందే అయిపోతుంది. ప్లేట్లు చేయాలి, యంత్రం సర్దాలి, రంగు కుదిరేదాకా కొంత కాగితం పోతుంది. ఆ తర్వాత ఎన్ని ఎక్కువ వేస్తే ఒక్కోదాని ధర అంత తగ్గుతుంది. డిజిటల్ ముద్రణలో ప్లేట్లు లేవు, యాభై వేసినా ఐదు వందలు వేసినా ఒక్కోదాని ధర దాదాపు అంతే. కాబట్టి సంఖ్య తక్కువైతే డిజిటల్, ఎక్కువైతే ఆఫ్‌సెట్.

నిలకడకు ఈ లెక్కతో నేరుగా సంబంధం ఉంది. కార్డులు, కవర్లు, లెటర్‌హెడ్ కలిపి ఒకే ప్రెస్‌లో ఒకేసారి వేయిస్తే రంగు కలుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. అయితే చవక అని ఎక్కువ వేయించాక ఫోను నంబరు మారితే మొత్తం చెత్తబుట్టపాలు. దీనికి పాత ప్రెస్‌లకు తెలిసిన ఉపాయం ఒకటి ఉంది. మారని భాగాన్ని, అంటే లోగో, రంగు పట్టీ, అంచును, పెద్ద సంఖ్యలో ముందే అచ్చువేసి ఉంచుకోవడం. మారే వివరాలను తర్వాత కొద్దికొద్దిగా దాని మీద నలుపులో వేసుకోవడం. ఏది స్థిరమో, ఏది మారుతుందో ముందే విడదీసుకున్నవారికే ఇది కుదురుతుంది.

క్యూఆర్ కోడ్ విషయంలోనూ ఇదే ప్రశ్న. 1994లో జపాన్ సంస్థ డెన్సో రూపొందించిన ఈ కోడ్‌లో పాడైన భాగాన్ని సరిదిద్దుకునే ఏర్పాటు నాలుగు స్థాయిల్లో ఉంది. గరిష్ఠ స్థాయిలో సుమారు 30 శాతం వరకు పాడైనా చదవొచ్చు. మధ్యలో లోగో పెట్టగలుగుతున్నది ఆ వెసులుబాటు వల్లే. చుట్టూ నాలుగు గళ్ల మేర ఖాళీ ఉండాలన్న నియమాన్ని మాత్రం డిజైన్ అందం కోసం చాలామంది తినేస్తారు, కోడ్ చదవబడదు. ఇంకో ప్రమాదం కంటికి కనిపించదు. డైనమిక్ కోడ్ అయితే అది మొదట కోడ్ ఇచ్చిన సేవ చిరునామాకు వెళ్లి, అక్కడి నుంచి అసలు పేజీకి వెళుతుంది. ఆ సేవకు చందా ఆగితే ముద్రించినవన్నీ ఒక్కరోజులో పనికిరాకుండా పోవచ్చు. సొంత వెబ్ చిరునామాకు నేరుగా వెళ్లే స్టాటిక్ కోడ్‌కు ఆ బెడద లేదు.

విసుగు ముందు యజమానికే వస్తుంది

రూపు మార్చేయాలన్న ఆలోచన చాలాసార్లు కొనేవారి నుంచి రాదు. రోజంతా అదే బోర్డు, అదే రంగు చూసే యజమానికి అది పాతబడినట్టు అనిపిస్తుంది. ఏడాదికి కొన్నిసార్లు చూసేవారికి అది అప్పుడప్పుడే పరిచయమవుతూ ఉంటుంది. ఈ రెండు గడియారాల మధ్య తేడాను గమనించకపోతే, గుర్తు పండే సమయానికి దాన్ని కోసేయడం జరుగుతుంది.

2009 జనవరిలో అమెరికాలో పెప్సికో తన ట్రాపికానా నారింజ రసం డబ్బా రూపు మార్చింది. గడ్డిపుల్ల గుచ్చిన నారింజ పండు బొమ్మ తీసేసి గ్లాసు బొమ్మ పెట్టింది, పేరు అక్షరాలనూ నిలువుగా తిప్పింది. లోపలి రసం మారలేదు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోయాయి, పాత డబ్బా తిరిగి వచ్చింది. 2010 అక్టోబరులో దుస్తుల సంస్థ గ్యాప్ రెండు దశాబ్దాల నీలి చదరపు లోగో మార్చి, విమర్శల మధ్య వారంలోనే వెనక్కి తీసుకుంది. ఇంత డబ్బు, ఇంత పరిశోధన ఉన్న సంస్థలే పొరబడ్డాయంటే, అరల ముందు నిలబడి కొనేవాడు చదివి ఎంచుకోవడం లేదని, తెలిసిన ఆకారం కోసం వెతుకుతున్నాడని అర్థమవుతుంది.

నిలకడ అంటే ప్రతి పోస్టూ అచ్చుగుద్దినట్టు ఉండడం కాదు. రంగు, అక్షరం, లోగో చోటు, మాట తీరు స్థిరంగా ఉంటే ఫొటో, విషయం, సందర్భం ఎంతైనా మారవచ్చు. ఇలా స్థిరంగా ఉంచేవి మూడో నాలుగో చాలు. పది పెట్టుకుంటే పాటించలేరు.

చట్టం వైపు నుంచి

ట్రేడ్‌మార్క్ కోసం సరకులు, సేవలను అంతర్జాతీయ నీస్ వర్గీకరణ 45 తరగతులుగా విభజించింది. నమోదు ఆ తరగతుల వారీగా జరుగుతుంది. నమోదు చేసిన గుర్తును దీర్ఘకాలం వాడకపోతే రద్దు కోరే వీలు చాలా దేశాల్లో ఉంది. పారిశ్రామిక ఆస్తి హక్కులపై ఉన్న పారిస్ ఒప్పందం ప్రకారం కొద్ది మార్పులతో వాడినా గుర్తు విశిష్టత మారనంతవరకు దాన్ని వాడకంగానే చూస్తారు. అంతకు మించి మారితే వివాదంలో బలం తగ్గుతుంది. రంగు విషయంలో 1995 నాటి క్వాలిటెక్స్ కేసు ముఖ్యమైనది. జనం ఒక రంగును ఒకే ఉత్పత్తిదారుతో ముడిపెట్టి గుర్తించే స్థితి వస్తే ఆ రంగు కూడా ట్రేడ్‌మార్క్ కావచ్చని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ స్థితి ఏళ్ల తరబడి ఒకేలా వాడితే తప్ప రాదు.

డబ్బిచ్చి చేయించుకున్నంత మాత్రాన లోగో కాపీరైటు తనదే అనుకోవడం పొరపాటు. ఉద్యోగి కాని డిజైనర్ చేసిన పనికి, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే హక్కు డిజైనర్ దగ్గరే ఉండే నియమం చాలా దేశాల్లో ఉంది. టెంప్లేట్‌లోని బొమ్మతో చేసిన లోగోను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకోవడాన్ని పలు సేవల నిబంధనలు ఒప్పుకోవు. మనిషి సృజన లేకుండా ఏఐ మాత్రమే చేసిన బొమ్మకు కాపీరైటు రాదని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023 మార్చిలో స్పష్టం చేసింది. వ్యాపారానికి ముఖమైన బొమ్మ విషయంలో ఈ మూడూ ముందే తెలుసుకోవాల్సినవి.

ఒక పేజీ పత్రం, ఒక మనిషి

పెద్ద సంస్థల ప్రమాణాల పుస్తకానికి చిన్న వ్యాపారంలో ప్రత్యామ్నాయం ఒక పేజీ. అందులో లోగో సరైన రూపం, ఎంతకన్నా చిన్నగా వేయకూడదో ఆ కొలత, రంగుల అంకెలు, ఫాంట్ల పేర్లు, వ్యాపారం పేరు రెండు లిపుల్లో రాసే పద్ధతి, ఫోను, చిరునామా, అసలు ఫైళ్లు ఉన్న చోటుకు లింకు ఉంటే సరిపోతుంది. తప్పు వాడకాలు రెండు మూడు కూడా బొమ్మ వేసి చూపిస్తే డీటీపీ ఆపరేటర్‌కు వాక్యాలకంటే త్వరగా అర్థమవుతుంది. ప్రెస్‌కైనా, బోర్డు చేసేవారికైనా, సోషల్ మీడియా చూసే కుర్రాడికైనా పని అప్పగించే ముందు ఈ పేజీ వెళ్లాలి. అచ్చుకు ముందు నమూనా చూసి సరే అనే బాధ్యత మాత్రం ఒక్కరిదే కావాలి. ఇద్దరు ముగ్గురు ఎవరికి తోచింది వారు చెబితే పత్రం ఉన్నా లేనట్టే.

ఏఐ, టెంప్లేట్ సాధనాలను కూడా ఈ పేజీకి లోబరచవచ్చు. సొంత రంగులు, లోగో, ఫాంట్లతో మూడు నాలుగు టెంప్లేట్లు ఒకసారి చేసిపెట్టుకుని, మిగతావి చూడకుండా వాటినే తిప్పి వాడడం ఒక పద్ధతి. ఏఐతో వెనుక దృశ్యం మాత్రమే చేయించి, పేరు, లోగో, ధరలను అసలు ఫైళ్ల నుంచి మీద పెట్టుకోవడం మరో పద్ధతి. బొమ్మలోనే అక్షరాలు కూడా ఏఐతో రాయిస్తే, ముఖ్యంగా తెలుగు లిపిలో, తప్పులు దొర్లవచ్చు.

నిజంగా మార్చాల్సి వస్తే

మార్పు తప్పని సందర్భాలు ఉంటాయి. పేరు మీద చట్టపరమైన అభ్యంతరం రావడం, అమ్మే సరకే మారిపోవడం, రెండు వ్యాపారాలు కలిసిపోవడం లాంటివి. పాత లోగో చిన్న తెర మీద చదవలేనంత చిక్కుగా ఉండడం కూడా సరైన కారణమే. అప్పుడైనా అన్నీ ఒకేసారి మార్చకుండా, జనానికి బాగా తెలిసిన ఒకదాన్ని, చాలావరకు రంగును, అలాగే ఉంచితే పాతవారు దారి తప్పరు.

మార్పు జరిగే క్రమం కూడా లెక్కలోకి వస్తుంది. బోర్డు, మ్యాప్ ఎంట్రీ, ప్రొఫైల్ బొమ్మ ఒకే రోజు మారాలి, ఎందుకంటే వచ్చేవారు వీటిని ఒకదానితో ఒకటి పోల్చి చూసుకుంటూ వస్తారు. కవర్లు, సంచులు, పాత బిల్ బుక్కులు ఉన్నంతవరకు వాడుకోవచ్చు. ఫోను నంబరు లేదా ఖాతా వివరాలు మారిన కాగితాలను మాత్రం ఆ రోజే పక్కన పెట్టేయాలి. కొన్ని నెలల పాటు కొత్త పేరు కింద చిన్న అక్షరాల్లో పాత పేరును కూడా ఉంచితే, పాత కార్డు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చినవారికి సరైన చోటికే వచ్చామని తెలుస్తుంది.